రోమన్ గణతంత్రం: అధికారానికి హద్దులు



ఏటా ఆగస్టు 15న స్వాతంత్ర్య దినోత్సవం, జనవరి 26న గణతంత్ర దినోత్సవం జరుపుకుంటాం. మొదటిది ఎందుకో చిన్నపిల్లలు కూడా చెబుతారు. రెండోదాని గురించి అడిగితే 'రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు' అంటారు. అదీ సరైన జవాబే. కానీ 'మన దేశం ప్రజాస్వామ్యమూ, గణతంత్రమూ కూడా అంటున్నాం కదా, ఈ రెండింటికీ తేడా ఏమిటి?' అని అడిగితే డిగ్రీ చదివే విద్యార్థులు సైతం తడబడతారు.

ఆ తేడా తెలుసుకోవాలంటే రెండు వేల సంవత్సరాలకు పైగా వెనక్కి, రోమ్ నగరానికి వెళ్లాలి. నేను విజ్ఞానశాస్త్రం చదివి, దాన్నే బోధిస్తున్నవాణ్ని. రాజనీతి పాఠంలో ఇతనికేం పని అని మీకు అనిపించవచ్చు. ఒక యంత్రం ఎలా పనిచేస్తుంది, ఏ భాగం చెడితే అది ఆగిపోతుంది అని చూడడం మాకు అలవాటు. రోమన్ గణతంత్రం అలా విప్పి చూడదగ్గ యంత్రం. ఈ పాఠంలో మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం. రోమన్లు అధికారాన్ని ఎలా పంచారు? ఎందుకు పంచాలని అక్కడి ఆలోచనాపరులు చెప్పారు? దాదాపు ఐదు శతాబ్దాలు నిలిచిన ఆ ఏర్పాటు ఎందుకు కూలిపోయింది, అందులో మనకు పనికొచ్చేది ఏమిటి?

రెండు మాటలు, రెండు ప్రశ్నలు

'డెమోక్రసీ' గ్రీకు మాట. 'డెమోస్' అంటే ప్రజలు, 'క్రటోస్' అంటే అధికారం. 'రిపబ్లిక్' లాటిన్ మాట. 'రెస్ పబ్లికా' నుంచి వచ్చింది. 'రెస్' అంటే వస్తువు, వ్యవహారం, సొత్తు. 'పబ్లికా' అంటే ప్రజలకు చెందినది. రెండూ కలిపితే 'ప్రజల సొత్తు' అని అర్థం.

ఈ రెండు మాటలూ రెండు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. 'అధికారం ఎవరు నడుపుతున్నారు?' అన్నది మొదటి ప్రశ్న. దానికి డెమోక్రసీ ఇచ్చే జవాబు 'ప్రజలు'. 'రాజ్యం ఎవరిది?' అన్నది రెండో ప్రశ్న. దానికి రిపబ్లిక్ ఇచ్చే జవాబు 'ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ'. బ్రిటన్‌లో ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు ఉంది కనుక అది ప్రజాస్వామ్యం. కానీ దేశాధినేత పదవి వారసత్వంగా రాజకుటుంబానికి వస్తుంది కనుక అది రిపబ్లిక్ కాదు. మన రాష్ట్రపతి పదవి ఎవరికీ పుట్టుకతో రాదు. ఎన్నికతోనే వస్తుంది, ఐదేళ్లకు ముగుస్తుంది. అందుకే మనది గణతంత్రం.

రాజ్యం అందరిదీ అయినప్పుడు దాన్ని నడిపేవాడు యజమాని కాడు, అప్పగింత పుచ్చుకున్నవాడు మాత్రమే. అప్పగింతకు గడువు ఉంటుంది, లెక్క చెప్పవలసిన బాధ్యత ఉంటుంది. రోమన్ రాజకీయ ఆలోచన అంతా ఈ మాట చుట్టూ తిరుగుతుంది.

యంత్రంలోని భాగాలు

రోమన్ల సంప్రదాయ కథనం ప్రకారం క్రీ.పూ. 509లో వారు తమ చివరి రాజును వెళ్లగొట్టారు. ఆ తర్వాత 'రాజు' అన్న మాటే వారికి గిట్టలేదు. రాజు చేసే పనులు మాత్రం ఎవరో ఒకరు చేయాలి. సైన్యాన్ని నడపాలి, తగవులు తీర్చాలి, సభలు పిలవాలి. వారు ఆ పనులను రద్దు చేయలేదు, ఆ అధికారాన్ని ముక్కలు చేశారు.

మొదటి కత్తిరింపు కాలానిది. రాజు స్థానంలో వచ్చిన కాన్సల్ పదవి ఏడాది మాత్రమే. ఏడాది పూర్తయ్యాక అతను మళ్లీ మామూలు పౌరుడే. పదవిలో ఉండగా చేసిన పనులకు అప్పుడు విచారణ ఎదుర్కోవలసి రావచ్చు.

రెండో కత్తిరింపు సంఖ్యది. కాన్సల్ ఒక్కడు కాదు, ఇద్దరు. ఇద్దరికీ సమాన అధికారం. ఒకరు చేయబోయే పనిని రెండోవారు ఆపవచ్చు.

మూడోది సామాన్యులు పోరాడి సాధించుకున్నది. తొలి రోజుల్లో పదవులన్నీ పాట్రీషియన్లు అనే కులీన కుటుంబాల చేతుల్లో ఉండేవి. అప్పుల్లో కూరుకుపోయిన ప్లెబియన్లు, అంటే సామాన్య పౌరులు, క్రీ.పూ. 494లో మూకుమ్మడిగా నగరం విడిచి ఒక కొండ మీదికి వెళ్లిపోయారని రోమన్ చరిత్రకారులు రాశారు. సైన్యంలో పోరాడేది వాళ్లే. వాళ్లు లేకపోతే నగరం లేదు. పెద్దలు దిగివచ్చారు. అలా పుట్టిన పదవే ట్రిబ్యూన్. ట్రిబ్యూన్ల సంఖ్య తర్వాత పదికి పెరిగింది. ఏ అధికారి చర్యనైనా, సెనేట్ తీర్మానాన్నైనా ట్రిబ్యూన్ ఒక్క మాటతో ఆపగలడు. ఆ మాట 'వీటో'. లాటిన్‌లో దాని అర్థం 'నేను అడ్డుకుంటున్నాను'. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి వార్తల్లో మీరు వినే వీటో ఇదే.

క్రీ.పూ. 451-450లో పన్నెండు ఫలకాల చట్టం వచ్చింది. అంతకు ముందు చట్టం పెద్దల నోటిలో ఉండేది. ఇప్పుడు దాన్ని రాసి అందరూ చూసేలా నిలబెట్టారు. చట్టం ఏమిటో తెలియనివాడు అన్యాయం జరిగిందని నిరూపించలేడు. పాలకుల దగ్గరున్న సమాచారం పౌరులకు తెలియాలన్న మన 2005 నాటి సమాచార హక్కు చట్టం వెనుక కూడా ఇలాంటి ఆలోచనే ఉంది.

వీటన్నిటితో ఒక చిక్కు ఉంది. శత్రువు గుమ్మంలో ఉన్నప్పుడు ఇద్దరు కాన్సల్స్ వాదించుకుంటూ కూర్చుంటే ఎలా? దీనికి రోమన్లు 'డిక్టేటర్' అనే పదవిని ఏర్పాటు చేశారు. ఈ మాట ఇప్పుడు తిట్టులా వినిపిస్తుంది గానీ అప్పట్లో అది చట్టబద్ధమైన పదవి. ఆపద సమయంలో ఒక్కరికి విశేషాధికారం ఇస్తారు. గడువు గరిష్ఠంగా ఆరు నెలలు. పని ముందే పూర్తయితే ముందే దిగిపోవాలి. సిన్సినాటస్ అనే ఆయన్ను పొలం పని చేస్తుండగా పిలిచి డిక్టేటర్‌ను చేశారనీ, యుద్ధం గెలిచి పదహారో రోజున పదవి వదిలేశాడనీ రోమన్లు తరతరాలు చెప్పుకున్నారు. అందులో చరిత్ర ఎంత, కథ ఎంత అన్నది అలా ఉంచండి. పదవిని వదిలినవాణ్ని ఒక జాతి తన ఆదర్శంగా చెప్పుకుంది, అది గమనించండి.

పాలీబియస్ చెప్పిన కారణం

ఈ ఏర్పాట్లను ఒక సిద్ధాంతంగా వివరించినవాడు రోమన్ కాదు, గ్రీకు. పేరు పాలీబియస్. క్రీ.పూ. 168లో మాసిడోనియాను ఓడించాక రోమన్లు సుమారు వెయ్యి మంది గ్రీకు ప్రముఖులను బందీలుగా ఇటలీకి తెచ్చారు. వారిలో ఇతనొకడు. బందీగా వచ్చినవాడు తనను పట్టుకున్న రాజ్యం అంత బలంగా ఎలా తయారైందో పరిశీలించాడు. ఆ వివరణ అతని చరిత్ర గ్రంథం ఆరో భాగంలో ఉంది.

అతని వాదం ఇది. ప్రభుత్వాలు మూడు రకాలు: ఒక్కరి పాలన, కొందరి పాలన, అందరి పాలన. మూడింటిలోనూ మంచి రూపం ఉంది, చెడిపోయిన రూపమూ ఉంది. ఒక్కరి పాలన చెడితే నిరంకుశత్వం. కొందరి పాలన చెడితే ధనికుల స్వార్థపాలన. అందరి పాలన చెడితే మూకపాలన. ఇనుముకు తుప్పు, చెక్కకు పురుగు ఎలా లోపలి నుంచే పుడతాయో, ప్రతి ప్రభుత్వానికీ దాన్ని పాడుచేసే దోషం దానిలోనే ఉంటుందంటాడు. మంచి రాజు కొడుకు సుఖాలకు అలవాటుపడి నిరంకుశుడవుతాడు. పెద్దలు కలిసి అతన్ని దించుతారు. ఆ పెద్దల వారసులు దోచుకుంటారు. ప్రజలు తిరగబడతారు. ఆ ప్రజల మనవలు, స్వేచ్ఛ ఎంత కష్టపడితే వచ్చిందో తెలియక, తాయిలాలు పంచే నాయకుడి వెంట పడతారు. చివరికి మళ్లీ ఒక్కరి పాలన. చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ చక్రాన్ని నెమ్మదింపజేయాలంటే మూడు రకాలనూ కలపాలి అన్నది పాలీబియస్ జవాబు. రోమ్‌లో కాన్సల్స్‌ను చూస్తే రాజరికంలా ఉంటుంది. సెనేట్‌ను చూస్తే కులీన పాలనలా ఉంటుంది. ప్రజాసభలను చూస్తే ప్రజాస్వామ్యంలా ఉంటుంది. కాన్సల్ యుద్ధానికి వెళ్లాలంటే సెనేట్ డబ్బు, సరుకు మంజూరు చేయాలి. యుద్ధమా, శాంతా అన్నది ప్రజాసభ ఒప్పుకోవాలి. ప్రతి ఒక్కరికీ మిగతావారి అవసరం ఉంది, మిగతావారి భయమూ ఉంది.

ఈ ఆలోచన అక్కడితో ఆగలేదు. ఫ్రెంచి తాత్వికుడు మాంటెస్క్యూ 1748లో ప్రచురించిన గ్రంథంలో రోమ్ ఉదాహరణలు విస్తారంగా వాడుకుని అధికార విభజనను వివరించాడు. 1787-88లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ వచ్చిన ఫెడరలిస్ట్ వ్యాసాలపై రచయితల పేరు 'పబ్లియస్' అని ఉంటుంది. రోమన్ గణతంత్ర స్థాపకుల్లో ఒకడిగా చెప్పే పబ్లియస్ వలేరియస్ పేరది. అమెరికా ఎగువసభ పేరు సెనేట్ అన్నదీ రోమ్ నుంచి తీసుకున్నదే.

ఓట్ల లెక్క

ఇంతవరకు చదివి రోమ్‌ను ఆదర్శ రాజ్యమని అనుకోకండి. ఒక్కసారి లెక్క వేద్దాం, కాగితం తీసుకోండి.

కాన్సల్స్‌ను ఎన్నుకునే సభలో పౌరులను 193 వర్గాలుగా విభజించారు. ఓటు మనిషికి కాదు, వర్గానికి. ఒక వర్గంలో ఎక్కువమంది ఎటు మొగ్గితే ఆ వర్గం ఓటు అటు. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన తొలి అమరిక ఇలా ఉంటుంది. గుర్రపు దళంలో చేరగల స్తోమత ఉన్నవారికి 18 వర్గాలు. మొదటి తరగతి సంపన్నులకు 80. రెండు, మూడు, నాలుగు తరగతులకు తలా 20. ఐదో తరగతికి 30. వృత్తి పనివారు, సైనిక వాద్యకారులు, ఆస్తి లేనివారు అందరికీ కలిపి 5. మొత్తం 193.

గెలవడానికి కావలసినవి 97. ఇప్పుడు 18కి 80 కలపండి. 98. పైనున్న రెండు గుంపులూ ఒక్కమాట మీద ఉంటే ఎన్నిక అక్కడే ముగిసింది. మెజారిటీ రాగానే ఓటింగు ఆపేసేవారు కనుక కిందివారికి చాలాసార్లు ఓటు వేసే అవసరమే రాదు. ఆస్తి లేని పౌరులు వేలమంది ఉన్నా వారందరిదీ కలిపి ఒకే ఒక్క వర్గం. క్రీ.పూ. మూడో శతాబ్దంలో మొదటి తరగతి వర్గాలను 70కి తగ్గించారు. అయినా తూకం సంపన్నుల వైపే ఉంది.

ఇక మహిళలకు ఓటు లేదు. బానిసలు అసలు పౌరులే కారు. ప్రతినిధులను ఎన్నుకుని పంపే పద్ధతి లేదు కనుక, ఇటలీలో ఎంత దూరాన ఉన్న పౌరుడైనా ఓటు వేయాలంటే రోమ్‌కు రావాలి. కూలిపని చేసుకునేవాడు వారం రోజులు నడిచి ఓటుకు వస్తాడా?

మన రాజ్యాంగ నిర్మాతలు రోమ్ బాట పట్టలేదు. చదువు, ఆస్తి, కులం, స్త్రీ పురుష భేదం లేకుండా వయోజనులందరికీ ఓటు ఇవ్వాలని 326వ అధికరణ చెబుతోంది. 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లో 17 కోట్లకు పైగా ఓటర్లు ఉన్నారు. వారిలో అత్యధికులు చదవడం, రాయడం రానివారు. ఓటరు రెండు కిలోమీటర్లకు మించి నడవనక్కరలేకుండా పోలింగ్ కేంద్రం ఉండాలన్నది మన ఎన్నికల సంఘం పాటించే ప్రమాణం. వయోజన ఓటు హక్కును రోమ్ నుంచి నేర్చుకోలేం. దాన్ని రోమ్‌కు నేర్పగల స్థితిలో మనం ఉన్నాం.

ఒక మంచి విషయం మాత్రం చెప్పాలి. క్రీ.పూ. 139లో రోమన్లు ఎన్నికలకు రహస్య ఓటింగు తెచ్చారు. అంతకు ముందు పైకి చెప్పి ఓటు వేసేవారు. అప్పులిచ్చిన ఆసామి ఎదుటే నిలబడి నోటితో ఓటు చెప్పడం ఎంత కష్టమో మీరు ఊహించగలరు.

సిసిరో: చట్టం ఎవరికైనా చట్టమే

రోమన్ రాజకీయ తత్వవేత్తల్లో మొదట చెప్పవలసిన పేరు సిసిరో (క్రీ.పూ. 106-43). అతను మంచి వక్త, న్యాయవాది. క్రీ.పూ. 63లో కాన్సల్ కూడా. తన గ్రంథం 'డి రిపబ్లికా'లో రాజ్యమంటే ప్రజల సొత్తు అన్నాడు. వెంటనే ప్రజలంటే ఎవరో కూడా చెప్పాడు. ఎలాగో ఒకలా పోగైన గుంపు ప్రజలు కాదు. న్యాయం విషయంలో ఒక అంగీకారంతో, ఉమ్మడి మేలు కోసం కలిసినవారే ప్రజలు. ఇందులో చిక్కు ఎక్కడుందో చూడండి. న్యాయం పోతే 'ప్రజలు' అన్న మాట కూడా పోతుంది. మిగిలేది గుంపు, దాన్ని తోలేవాడు.

మరో మెట్టు ఎక్కి, మనుషులు రాసుకున్న శాసనాలకు పైన వివేకంతో తెలుసుకోదగ్గ న్యాయం ఒకటి ఉందనీ, అది రోమ్‌లో ఒకటి, ఏథెన్స్‌లో మరొకటి కాదనీ వాదించాడు. స్టోయిక్ తాత్వికుల నుంచి వచ్చిన ఈ ఆలోచన తర్వాతి కాలపు సహజ హక్కుల సిద్ధాంతానికి ఒక మూలం. మనిషికి మనిషిగా ఉన్న హక్కులను ఏ ప్రభుత్వమూ తీసేయలేదన్న నేటి మాటకు పూర్వీకుల్లో ఇదొకటి. ఇలా రాసిన సిసిరో ఇంట్లో బానిసలు ఉండేవారన్నదీ నిజమే. ఒక ఆలోచన దాన్ని చెప్పిన మనిషి కంటే ముందుకు పోగలదు.

'డి రిపబ్లికా' చాలా భాగం వందల ఏళ్లు కనబడకుండా పోయింది. 1819లో వాటికన్ గ్రంథాలయంలో ఆంజెలో మాయ్ అనే పండితుడికి ఒక పాత చర్మపత్ర గ్రంథం దొరికింది. పైన ఉన్నది కీర్తనల మీద సెయింట్ అగస్టీన్ రాసిన వ్యాఖ్యానం. దాని కింద, గీకేసిన పాత రాత లీలగా కనిపించింది. అది సిసిరో గ్రంథం. చర్మపత్రం ఖరీదైనది కనుక పాత రాతను చెరిపి మళ్లీ వాడుకున్నారు. అలా దొరికిన భాగం 1822లో అచ్చయింది. అంటే అమెరికా రాజ్యాంగం రాసినవారికి ఈ పుస్తకం తునకలుగానే తెలుసు.

సిసిరో జీవితంలోనే ఒక పరీక్ష ఉంది. అతను కాన్సల్‌గా ఉన్నప్పుడు కాటిలైన్ అనే నాయకుడి కుట్ర బయటపడింది. పట్టుబడిన ఐదుగురిని ఏం చేయాలన్నది ప్రశ్న. మరణశిక్ష మీద ప్రజలకు మొరపెట్టుకునే హక్కు రోమన్ పౌరుడికి ఉంది. విచారణ జరపాలంటే సమయం పడుతుంది, ఆపద దగ్గరలో ఉంది. సెనేట్ మద్దతుతో సిసిరో వారికి విచారణ లేకుండానే మరణశిక్ష అమలు చేయించాడు. మొదట అతన్ని దేశరక్షకుడని పొగిడారు. ఐదేళ్ల తర్వాత, క్రీ.పూ. 58లో, పౌరులను విచారణ లేకుండా చంపినవారికి బహిష్కారం విధించే చట్టం వచ్చింది. సిసిరో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఏడాదికి పైగా గడిచాక గాని తిరిగి రాలేదు. చట్టం గురించి అంత గొప్పగా ఆలోచించిన మనిషి కూడా ఆపద వేళ 'ఈ ఒక్కసారికి' అనుకున్నాడు.

హద్దులు చెరిగిన తీరు

మన ఇళ్లలో ఫ్యూజ్ ఉంటుంది. కరెంటు మితిమీరితే ఫ్యూజ్ తీగ కరిగి సరఫరా ఆగిపోతుంది. మాటిమాటికీ ఫ్యూజ్ పోతోందని విసుగొచ్చి కొందరు లావు రాగి తీగ చుట్టేస్తారు. ఆ పూటకు లైటు వెలుగుతుంది. ప్రమాదం కూడా ఆ పూటే మొదలవుతుంది. రోమ్‌లో జరిగింది ఇదే.

క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్ భూసంస్కరణ బిల్లు తెచ్చాడు. పెద్దలు ఆక్రమించుకున్న ప్రభుత్వ భూమికి పరిమితి పెట్టి, మిగిలింది పేదలకు పంచాలన్నది దాని సారం. కోరిక న్యాయమైనదే. తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ వీటో చేశాడు. వీటోను దాటే మార్గం చట్టంలో లేదు. గ్రాకస్ ప్రజాసభలో ఓటు పెట్టించి ఆక్టేవియస్‌ను పదవి నుంచే తీయించాడు. బిల్లు గెలిచింది. తర్వాత గ్రాకస్ రెండోసారి ట్రిబ్యూన్ పదవికి నిలబడ్డాడు, అదీ ఆనవాయితీకి విరుద్ధం. అవతలి పక్షం చేసిందేమిటి? సెనేటర్లు కొందరు తమ అనుచరులతో వచ్చి అతన్నీ, అతనితో ఉన్న సుమారు 300 మందినీ కొట్టి చంపారు. తప్పు ఒక పక్షానిదే కాదు. ఒకరు నియమాన్ని వంచారు, రెండోవారు దాన్ని విరిచేశారు. మధ్యలో భూమిలేని రైతు సమస్య తీరకుండానే మిగిలింది.

ఆ తర్వాతి మెట్లు త్వరత్వరగా వచ్చాయి. మారియస్ క్రీ.పూ. 104 నుంచి 100 వరకు వరుసగా ఐదేళ్లు కాన్సల్ అయ్యాడు. ఏడాది గడువు మాటగా మిగిలింది. భూమిలేనివారు సైన్యంలో చేరడం, వారి భవిష్యత్తు సేనాధిపతి ఇప్పించే భూమి మీద ఆధారపడడం పెరిగింది. సైనికుడి విధేయత రాజ్యం నుంచి సేనాధిపతికి మళ్లింది. క్రీ.పూ. 88లో సుల్లా తన సైన్యాన్ని రోమ్ మీదికే నడిపించాడు. క్రీ.పూ. 82లో డిక్టేటర్ అయ్యాడు. అంతకు ముందు 120 ఏళ్లుగా ఆ పదవిలో ఎవరూ లేరు. ఇప్పుడు వచ్చింది ఆరు నెలల గడువు లేకుండా. చంపదగినవారి జాబితాలు బహిరంగంగా అతికించాడు. తర్వాత తానే పదవి వదిలేశాడు గానీ, దారి ఎటుందో అందరికీ చూపించేశాడు.

ఆ దారినే జూలియస్ సీజర్ క్రీ.పూ. 49లో సైన్యంతో రూబికాన్ నది దాటాడు. క్రీ.పూ. 44లో జీవితాంతపు డిక్టేటర్ అయ్యాడు. అదే సంవత్సరం మార్చి 15న సెనేటర్లు అతన్ని హత్య చేశారు. హత్యతో గణతంత్రం తిరిగి వస్తుందనుకున్నారు. రాలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో సిసిరోను చంపి, అతను ఉపన్యసించిన వేదిక మీదే అతని తలను ప్రదర్శించారు.

చివరికి గెలిచిన ఆగస్టస్ తెలివైనవాడు. తాను రాజునని ఎన్నడూ అనలేదు. క్రీ.పూ. 27లో గణతంత్రాన్ని తిరిగి ప్రజలకు అప్పగిస్తున్నానని ప్రకటించాడు. సెనేట్ ఉంది, కాన్సల్స్ ఉన్నారు, ఎన్నికలు ఉన్నాయి. ట్రిబ్యూన్ పదవి తీసుకోకుండానే ట్రిబ్యూన్ అధికారాలన్నీ తాను తీసుకున్నాడు. పేదల రక్షణకు పుట్టిన వీటో చక్రవర్తి చేతి ఆయుధమైంది. పేర్లన్నీ మిగిలాయి, వాటి పని మారిపోయింది.

ఈ మార్పుకు సాక్ష్యం మన నేలలో కూడా ఉంది. నల్గొండ జిల్లా అక్కనపల్లితో సహా తెలుగు ప్రాంతాల్లో పలుచోట్ల వ్యాపారం ద్వారా వచ్చిన రోమన్ నాణేలు దొరికాయి. ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలు మ్యూజియంలో కనబడితే వాటి మీది ముఖాన్ని చూడండి. క్రీ.పూ. 44కు ముందు రోమ్ నగర టంకశాల బతికి ఉన్న ఏ పౌరుడి ముఖాన్నీ నాణెం మీద వేయలేదు. మొదట వేయించుకున్నవాడు సీజర్. 'ప్రజల సొత్తు' ఒకరి సొత్తు అయిందని ఆ ముఖమే చెబుతుంది.

మన రాజ్యాంగంలో ఇదే ప్రశ్న

ప్రాచీన భారతంలో కూడా వజ్జి వంటి గణరాజ్యాలు ఉండేవి, కనుక సభ పెట్టి నిర్ణయించుకోవడం మనకు విదేశాల నుంచి వచ్చిన అలవాటు కాదు. రోమ్ కథ మనకు పనికొచ్చేది మరో చోట. ఆపద పేరుతో అధికారం ఒక చోట చేరినప్పుడు దానికి గడువు ఎవరు పెట్టాలి? రోమన్ల ఆరు నెలల నియమం వెనుక ఉన్న ఈ ప్రశ్న మనకు 1975లో ఎదురైంది.

ఆ ఏడాది జూన్ 25న అంతర్గత కల్లోలం కారణంగా జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 1977 మార్చి 21 వరకు అది కొనసాగింది. పత్రికలపై సెన్సార్ వచ్చింది. ప్రతిపక్ష నాయకులు జైళ్లకు వెళ్లారు. అప్పటి 352వ అధికరణ ప్రకారం పార్లమెంటు ఒకసారి ఆమోదిస్తే, ఆ ప్రకటనకు మళ్లీ గడువంటూ లేదు. అక్రమంగా నిర్బంధించారని హెబియస్ కార్పస్ పిటిషన్ వేసే వీలు కూడా ఆ కాలంలో లేదని 1976లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది.

ఆ అనుభవం తర్వాత 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. అది మార్చినవి వరుసగా చూడండి. 'అంతర్గత కల్లోలం' స్థానంలో 'సాయుధ తిరుగుబాటు' అన్న మాట చేరింది. మంత్రివర్గం రాతపూర్వకంగా సలహా ఇవ్వాలి. నెల రోజుల్లో పార్లమెంటు ఉభయసభలు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. ఆ ఆమోదం ఆరు నెలలే చెల్లుతుంది, కొనసాగాలంటే మళ్లీ సభలకు రావాలి. 20, 21 అధికరణలు ఇచ్చే రక్షణలను, అంటే ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన హక్కును, అత్యవసర పరిస్థితిలో సైతం నిలిపివేయకూడదు. 1976 తీర్పును సుప్రీంకోర్టు 2017లో గోప్యత హక్కు కేసులో స్పష్టంగా తోసిపుచ్చింది.

ఆరు నెలలు అన్న అంకె రోమన్ డిక్టేటర్ గడువుతో సరిపోవడం చూసి రోమ్‌ను కాపీ చేశామని అనుకోకండి. అవసరం ఒకటే కనుక జవాబులు దగ్గరగా ఉన్నాయి. అసలు తేడా వేరే ఉంది. రోమన్లు ఫ్యూజ్ పోయాక లావు తీగ చుట్టారు. మనం ఫ్యూజ్ ఎందుకు పనిచేయలేదో చూసి దాన్ని బాగుచేసుకున్నాం. ఆ పని మొదలైంది 1977 ఎన్నికల్లో, మామూలు ఓటర్ల చేతుల్లో.

అయితే కాగితం మీది నియమం తనంతట తాను పనిచేయదు. రోమ్‌లో కూడా ఆరు నెలల నియమం ఉంది. అడిగేవారు లేనప్పుడు అది ఆగలేదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ చేసిన హెచ్చరిక ఇదే కోవలోనిది. ఎంత గొప్పవాడైనా ఒక నాయకుడి పాదాల దగ్గర మన స్వేచ్ఛను పెట్టకూడదనీ, రాజకీయాల్లో వ్యక్తిపూజ నియంతృత్వానికి దారి తీస్తుందనీ ఆయన చెప్పారు.

రేపు మీకు 18 ఏళ్లు నిండగానే ఓటు వస్తుంది. మీరు అభిమానించే నాయకుడు ఒక మంచి పని కోసం ఒక నియమాన్ని పక్కన పెట్టవచ్చు. అప్పుడు మీకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. గ్రాకస్ బిల్లుకు చప్పట్లు కొట్టినవారికీ అలాగే అనిపించింది. అప్పుడు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఇదే వెసులుబాటు నేను నమ్మని నాయకుడి చేతికి వెళ్తే ఒప్పుకుంటానా? ఒప్పుకోకపోతే, ఇప్పుడూ ఒప్పుకోకూడదు. సొంత పక్షాన్ని ఈ ప్రశ్న అడగడం కష్టమే. గణతంత్రంలో పౌరుడి పని అక్కడే మొదలవుతుంది.

ఈ పాఠంలో తెలుసుకున్నవి

1. రిపబ్లిక్ అంటే రాజ్యం ఏ ఒక్కరి సొత్తూ కాదని అర్థం. పాలకుడికి అది గడువు ఉన్న అప్పగింత.
2. రోమన్లు అధికారాన్ని కాలంతో, సంఖ్యతో, వీటోతో కత్తిరించారు. పాలీబియస్ దాన్ని మిశ్రమ ప్రభుత్వంగా వివరించాడు.
3. రోమన్ ఓటు సమానమైనది కాదు. సార్వత్రిక వయోజన ఓటు ఆధునిక ప్రజాస్వామ్యం సాధించినది.
4. క్రీ.పూ. 133 నుంచి 27 వరకు నియమాలు ఒక్కొక్కటిగా వంగి గణతంత్రం పోయింది. సంస్థల పేర్లు మాత్రం మిగిలాయి.
5. 1978 నాటి 44వ సవరణ విశేషాధికారానికి గడువును, జవాబుదారీతనాన్ని తిరిగి పెట్టింది.

ఆలోచించండి

1. ఆక్టేవియస్ వీటో న్యాయమైన బిల్లును ఆపింది. మీరు గ్రాకస్ స్థానంలో ఉంటే చట్టం మీరకుండా ఏం చేసేవారు?
2. 193 వర్గాల లెక్కలో మొదటి తరగతికి 70 ఉంటే, 97 ఓట్లు రావడానికి ఏ తరగతి వరకు వెళ్లవలసి వస్తుంది? లెక్క వేయండి. తగ్గించిన పది వర్గాలను కింది తరగతుల్లో ఎక్కడ చేర్చినా జవాబు మారుతుందా?
3. మీ కళాశాల విద్యార్థి సంఘానికి లేదా మీ ఊరి సహకార సంఘానికి నియమావళి ఉంటే తెచ్చి చదవండి. అందులో పదవీకాలం, లెక్కల తనిఖీ, తొలగింపు గురించి ఏముంది? అది నిజంగా అమలవుతోందా?